తలుపు తీసింది ఎన్నింటికి?

పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒక పెద్దాయన పట్టుకుని "ఏం చేస్తున్నావు నాయనా?" అని అడుగుతాడు. "సాఫ్ట్‌వేరండీ" అంటే చాలు, వదిలేస్తారు. పోయిన నెల మా పిన్ని కొడుకు పెళ్ళిలో దొరికినాయన మాత్రం వదల్లేదు. "సాఫ్ట్‌వేరులో ఏం చేస్తావు?" అన్నాడు. విస్తరి ముందు కూర్చుని తప్పించుకునే దారిలేక నిజం చెప్పేశాను. "చిన్న చిన్న పెట్టెలుంటాయండీ, బ్యాటరీతో నడుస్తాయి. వాటి గడియారాలన్నీ ఒకే టైము చూపించేలా చేస్తాను." ఆయన పులిహోర కలుపుతూ ఓ క్షణం ఆలోచించి, "అంటే గడియారాలు బాగుచేస్తావన్నమాట. దానికి బీటెక్ ఎందుకురా?" అన్నాడు.

పంక్తిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయనకి చెప్పని సంగతి ఒకటుంది. ఆ గడియారాల పని నేను సరిగ్గా చెయ్యకపోవడం వల్ల, సరిగ్గా చేశానని మొండిగా నమ్మడం వల్ల, ఒక మనిషి ఉద్యోగం పోయింది. ఇది జరిగి ఏడాది దాటింది. ఇన్నాళ్ళూ ఆఫీసులో ఇద్దరు ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. ఇవాళ రాసేస్తున్నాను.

ముందు మా సరుకు గురించి కాస్త చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. జావా, వెబ్బు బాపతు మిత్రులు కొంచెం ఓపిక పట్టండి. 

మా కంపెనీ (చిన్నది లెండి, పేరు చెప్పినా మీకు తెలియదు) కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రత, తేమ కొలిచే వైర్‌లెస్ పెట్టెలు తయారుచేస్తుంది. అరచేతిలో పట్టే పెట్టె. నోడు అంటాం. అందులో ఒక సెన్సరు, ఒక బుల్లి ప్రాసెసరు, ఒక రేడియో, రెండు పెన్సిల్ సెల్స్. గదికి పదో పన్నెండో పెడతాం. ప్రతి నోడూ తన కబురుని పక్క నోడుకి ఇస్తుంది, అది దాని పక్కదానికి. హమాలీలు వరసగా నిలబడి బస్తాలు అందించుకున్నట్టు, అలా చేతులు మారుతూ ఆఫీసు గదిలో ఉన్న గేట్‌వే దాకా చేరుతుంది. దీన్నే మెష్ నెట్‌వర్కు అంటారు. వైర్లు లాగే పని లేదు, గోడలకి చిల్లులు పెట్టే పని లేదు.

మరి ఇందులో గడియారం గోల దేనికి? బ్యాటరీ కోసం. రేడియో అనేది ఎవరూ మాట్లాడకపోయినా సరే, వింటూ కూర్చోవడానికే కరెంటు తాగుతుంది. కొంచెం పాత తరం చిప్ అయితే వింటున్నంతసేపూ 20 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. పెన్సిల్ సెల్‌లో ఉండేది సుమారు 2,500 మిల్లీ ఆంపియర్ అవర్లు. భాగించి చూడండి, 125 గంటలు. అంటే గట్టిగా ఐదు రోజులు. ఐదు రోజులకోసారి నిచ్చెన వేసుకుని సెల్స్ మార్చమంటే ఏ కస్టమరైనా మన మొహం చూస్తాడా? కాబట్టి రేడియోని నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ఆపేసి ఉంచాలి. ఆపేస్తే పక్కవాడి మాట వినేదెలా? ముందే ఒప్పందం చేసుకోవాలి. "ఫలానా క్షణంలో నేను మాట్లాడతా, సరిగ్గా అప్పుడు నువ్వు నిద్ర లేచి విను" అని.

ఈ ఒప్పందానికి 2012లో ఐ.ఇ.ఇ.ఇ. వాళ్ళు 802.15.4ఇ అని ఒక ప్రమాణం తెచ్చారు. అందులో టైమ్ స్లాటెడ్ ఛానెల్ హాపింగ్ అని ఒక పద్ధతి. అంతకుముందే బర్క్లీ ప్రొఫెసరు క్రిస్ పిస్టర్ "స్మార్ట్ డస్ట్" అని మొదలుపెట్టిన ఆలోచన నుంచి, ఆయన పెట్టిన డస్ట్ నెట్‌వర్క్స్ కంపెనీ చేసిన పని నుంచి వచ్చిందిది. కాలాన్ని చిన్న చిన్న ముక్కలుగా, మామూలుగా 10 మిల్లీసెకన్ల చొప్పున కోస్తారు. ఏ ముక్కలో ఎవరు మాట్లాడాలో, ఎవరు వినాలో పట్టిక ఉంటుంది. మిగతా ముక్కల్లో అందరూ నిద్రే. అలా ఐదు రోజుల బ్యాటరీ ఏళ్ళ తరబడి వస్తుంది.

ఒప్పందం బాగానే ఉంది. కానీ ఒప్పందం నిలబడాలంటే ఇద్దరి గడియారాలూ కలవాలి కదా! నోడులో గడియారమంటే బియ్యపు గింజంత క్వార్ట్జ్ క్రిస్టల్. చేతి వాచీలో ఉండేదే. సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. ఆ వింత అంకె ఎందుకంటే అది రెండుకి పదిహేనో ఘాతం. పదిహేనుసార్లు సగం చేసుకుంటూ పోతే సరిగ్గా సెకనుకి ఒకటి మిగులుతుంది. (ఇంటర్వ్యూలో ఫ్రెషర్లని నేను అడిగే ప్రశ్న ఇది. ఇప్పుడు లీక్ చేసేశాను.) 

అయితే ఏ రెండు క్రిస్టళ్ళూ ఒకేలా కొట్టుకోవు. పది లక్షలకి ఇరవై అటూఇటూ ఉంటుందని తయారీవాళ్ళే రాసిస్తారు. రోజుకి లెక్కేస్తే 1.7 సెకన్లు. ఒకటి ముందుకీ ఇంకోటి వెనక్కీ పోతే 3.5 సెకన్లు. చేతి వాచీకైతే ఎవరికీ పట్టదు. మాకు మాత్రం కొంప మునుగుతుంది. ఎందుకంటే వినే నోడు అనుకున్న క్షణానికి సుమారు ఒక మిల్లీసెకను ముందు చెవి తెరిచి, ఒక మిల్లీసెకను తర్వాత మూసేస్తుంది. పై లెక్క ప్రకారం రెండు గడియారాల మధ్య ఒక మిల్లీసెకను తేడా రావడానికి పట్టేది పాతిక సెకన్లే! ఆ తర్వాత ఒకడు మాట్లాడేటప్పటికి ఇంకొకడు నిద్రలో ఉంటాడు.

అందుకని నోడ్లు ఎప్పటికప్పుడు సర్దుకుంటూ ఉంటాయి. పక్కనుంచి ప్యాకెట్టు రావాల్సిన క్షణానికీ వచ్చిన క్షణానికీ తేడా చూసి తన గడియారం దిద్దుకుంటుంది. లేదా తను ప్యాకెట్టు పంపితే, అందినట్టు వచ్చే రసీదులోనే "నువ్వు 120 మైక్రోసెకన్లు తొందరపడ్డావు" అని ఉంటుంది. ప్రతి నోడుకీ ఒక పెద్ద దిక్కు ఉంటుంది, టైము దాన్ని అడుగుతుంది. అది దాని పెద్ద దిక్కుని అడుగుతుంది. చివరికి అందరి టైమూ గేట్‌వే దగ్గరే పుడుతుంది, గేట్‌వే ఇంటర్నెట్లో సర్వరుని అడిగి తెచ్చుకుంటుంది. కాలవ నీళ్ళు తూముల గుండా చివరి పొలానికి పారినట్టు టైము పారుతుంది. చివరి పొలం కష్టాలు మనకి తెలిసినవే కదా!

దీనికి తోడు ఎండ ఒకటి. ఈ రకం క్రిస్టల్‌కి 25 డిగ్రీల దగ్గర హాయి. దానికన్నా వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది. ఎన్ని డిగ్రీలు దూరం జరిగితే దాని వర్గాన్ని 0.034తో గుణించాలి, అన్ని పీపీఎమ్‌లు వెనకబడుతుంది. ఐదు డిగ్రీల గదిలో ఉన్న నోడు 13.6 పీపీఎమ్ వెనకబడుతుంది. అదే గోడకి బయటివైపు గుంటూరు ఎండలో 60 డిగ్రీలకి కాగిన పెట్టెలో ఉన్న నోడు దాదాపు 42 వెనకబడుతుంది. ఒకే గోడకి చెరోవైపు ఉన్న రెండు నోడ్లకి ఉష్ణోగ్రత వల్లే రోజుకి రెండున్నర సెకన్ల దాకా తేడా అన్నమాట. ఈ తేడాని నోడు తనంతట తనే నేర్చుకుని ముందుగానే సవరించుకునే కోడ్ రాసింది నేనే. ఆర్నెల్ల పని. ల్యాబులో యాభై నోడ్లు వారం రోజులు నడిపితే ఒక్కటి కూడా మిల్లీసెకను దాటలేదు. మేనేజరు స్వీట్లు పంచాడు. నాకు కొమ్ములు మొలిచాయి.

ఇక అసలు కథ.

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో మా నోడ్లు పెట్టాం. పోయినేడు మార్చి, సీజను నడుస్తోంది. రోజూ లారీల్లో టిక్కీలు దిగుతున్నాయి. (గుంటూరోళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి: మిరపకాయల బస్తాని టిక్కీ అంటారు.) మొదటి రోజంతా నాకు తుమ్ములే. అక్కడ ఆపరేటరు ఒకాయన ఉండేవాడు. యాభై దాటి ఉంటాయి. నేను బాబాయ్ అనేవాణ్ణి. అమ్మోనియా కంప్రెసర్లు చూసుకోవడం ఆయన పని. చప్పుడు విని ఏ కంప్రెసరుకి ఏం తేడా వచ్చిందో చెప్పేవాడు. ఆయన దగ్గర అట్ట చిరిగిన ఒక లాంగ్ నోటుబుక్కు ఉండేది. తలుపు తీసినా, వేసినా, మోటారు ఆపినా, నూనె చూసినా, గోడ గడియారం చూసి టైము రాసేవాడు. 

ఆ గోడ గడియారం ఐదు నిమిషాలు ఫాస్టు. నా ఫోనుతో పోల్చి చూసి నవ్వాను. "బాబాయ్, తలుపుకి కూడా నోడు పెట్టేశాం. తీసినా వేసినా అదే రాసుకుంటుంది. ఇంక నీ పుస్తకంతో పని లేదు" అన్నాను. "ఉండనీ బాబూ, చేతికి అలవాటైపోయింది" అన్నాడు.

నెల తిరక్కుండానే ఓనరు ఫోను. ఒక రైతు సరుకులో ఆరు టిక్కీలు లెక్క తగ్గాయట. "రాత్రిళ్ళు తలుపు ఎప్పుడెప్పుడు తీశారో మీ దాంట్లో ఉంటుందిగా, పంపించండి" అన్నాడు. ఎక్సెల్లో తీసి చూశాను. ముందు రోజు రాత్రి 2:11కి తలుపు తెరుచుకుంది. తెల్లారి 5:47కి మూసుకుంది. ఆ వేళప్పుడు అక్కడుండేది ఆపరేటరు ఒక్కడే. ఆయన పుస్తకంలో మాత్రం "5:25 తీశాం, 5:52 వేశాం" అని ఉంది. ఆ రోజు యార్డుకి సరుకు వెళ్ళాలి కాబట్టి తెల్లవారుజామున లారీ వచ్చిందనీ, హమాలీలు వచ్చాకే తలుపు తీశాననీ ఆయన చెప్పాడట.

ఓనరు స్పీకరు ఫోనులో నన్ను సూటిగా అడిగాడు. "మీ మిషన్ టైము తప్పు చూపించే ఛాన్సు ఏమన్నా ఉందా?" నేనన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మా నోడ్లకి మిల్లీసెకను కూడా తేడా రాదండీ." అవతల ఆపరేటరు బాబాయ్ కూడా అక్కడే ఉన్నాడని నాకు తర్వాత తెలిసింది. ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆ వారమే ఆయన్ని తీసేశారు.

నేను ఆ ఫోను పెట్టేసి కాఫీ తాగడానికి వెళ్ళాను. మన సరుకు దొంగని పట్టించిందని మా టీములో ఒకటి రెండు జోకులు కూడా వేసుకున్నాం. సిగ్గేస్తోంది రాయడానికి. రాయకపోతే ఈ టపాకి అర్థం లేదు.

రెండు నెలల తర్వాత ఆ తలుపు నోడు బ్యాటరీ అయిపోయిందని వెనక్కి వచ్చింది. ఏళ్ళు రావాల్సిన సెల్స్ మూడు నెలలకే ఎలా పోయాయో చూద్దామని దాని మెమరీలోని లాగు తీశాను. మార్చి నెలలో ఒక రాత్రి దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. ఆ ఒక్క రాత్రే నోడు పద్నాలుగు సార్లు రీబూట్ అయింది. తేదీ చూశాను. అదే రాత్రి.

జరిగింది ఇదీ. ఆ సాయంత్రం నోడు ముందు దాకా టిక్కీలు పేర్చేశారు. ఒకవైపు సరుకు, ఇంకోవైపు రేకు తొడిగిన మందపాటి తలుపు. మధ్యలో నోడుకి ఏ పక్కనుంచీ సిగ్నలు లేదు. దిక్కులేనిదైపోయింది. దిక్కులేని నోడు ఏం చేస్తుంది? మళ్ళీ నెట్‌వర్కు దొరుకుతుందేమోనని రేడియో ఆన్ చేసి ఆపకుండా వింటుంది. అంటే ఆ ఐదు రోజుల లెక్క మొదలైందన్నమాట. చలిలో మామూలు ఆల్కలైన్ సెల్ బలం తగ్గుతుంది. అర్ధరాత్రి దాటాక ఓల్టేజీ పడిపోయి ప్రాసెసరు రీసెట్ అయింది. రీసెట్ కాగానే లోడు పోయింది కాబట్టి ఓల్టేజీ కోలుకుంది, మళ్ళీ లేచింది. లేవగానే టైము ఎంత? అడగడానికి ఎవరూ లేరు. అలాంటప్పుడు వాడుకోమని నేనే ఒక ఏర్పాటు చేశాను. ప్రతి అరగంటకీ టైముని ఫ్లాష్ మెమరీలో దాచుకుంటుంది, లేచినప్పుడు అక్కడినుంచి మొదలుపెడుతుంది. చివరిసారి దాచుకున్నది 2:00. 

సరే, 2:00 నుంచి మొదలుపెట్టి, పదమూడు పద్నాలుగు నిమిషాలు వెతికి, మళ్ళీ నీరసించి పడిపోయింది. అరగంట పూర్తయితే కదా కొత్త టైము దాచుకునేది! మళ్ళీ లేచింది. మళ్ళీ 2:00. మళ్ళీ పడిపోయింది. మళ్ళీ 2:00. లోకంలో టైము ఐదు దాటింది, ఆ పెట్టెలో మాత్రం రెండు గంటల పద్నాలుగు నిమిషాలు దాటలేదు. మూడు గంటలకు పైగా అదే పావుగంటని మళ్ళీ మళ్ళీ బతికింది. పద్నాలుగోసారి లేచిన పదకొండు నిమిషాలకి హమాలీలొచ్చి తలుపు తీశారు. నోడు భక్తిగా రాసుకుంది: 2:11, తలుపు తెరుచుకుంది.

తలుపు తెరవగానే బయటి నోడు సిగ్నలు లోపలికి వచ్చింది. కాసేపట్లో నెట్‌వర్కు దొరికింది, టైము దిద్దుకుంది. కాబట్టి మూసిన టైము మాత్రం కరెక్టు, 5:47. తప్పు ముద్ర పడిన పాత లైను అలాగే సర్వరుకి వచ్చేసింది. రెండు లైన్లూ పక్కపక్కనే, ఒకే ఫాంటులో, ఒకే ధీమాతో.

ఇప్పుడు ఆయన పుస్తకం చూడండి. 5:25 తీశాం, 5:52 వేశాం. గోడ గడియారం ఐదు నిమిషాలు ఫాస్టు. ఐదేసి తీసేయండి. 5:20, 5:47. మూసిన టైము మా డేటాతో నిమిషం కూడా తేడా లేకుండా కలిసింది. ఆ పుస్తకం నిజం చెప్తోందనడానికి ఇంకేం కావాలి? ఎప్పుడూ ఒకేలా ఐదు నిమిషాలు ఫాస్టు నడిచే గడియారం చాలా మంచి గడియారం. తీసివేత వస్తే చాలు. ఎప్పుడు తప్పుతుందో తెలియని మిల్లీసెకను గడియారంతో ఎవడు వేగగలడు?

అంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. ఆ గదిలోనే పైకప్పు దగ్గర ఇంకో నోడు ఉంది, దానికి సిగ్నలు ఎప్పుడూ పోలేదు. దాని గ్రాఫులో ఉష్ణోగ్రత రాత్రంతా గీత గీసినట్టు ఉండి, 5:20 దాటాకే పైకి లేచింది. మూడున్నర గంటలు తలుపు బార్లా తెరిచి ఉంటే, మార్చి నెల గుంటూరులో, గది చల్లగా ఎలా ఉంది? ఐదో క్లాసు పిల్లాడు అడగగలిగే ప్రశ్న. ఆ గ్రాఫు నేను పంపిన ఎక్సెల్ ఫైల్లోనే పక్క షీటులో ఉంది. నేను చూడలేదు. హమాలీలని కూడా ఎవరూ అడగలేదు. డేటా ఉండగా మనుషుల్ని అడగడం ఎందుకు?

లెస్లీ లాంపోర్ట్ 1978లో రాసిన పేపరు మనలో చాలామంది డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ క్లాసులో చదివాం. గడియారాల్ని నమ్మలేనప్పుడు ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో చూడమంటాడు. కారణం ముందు, ఫలితం తర్వాత. తలుపు తెరిస్తేనే గది వేడెక్కుతుంది. పరీక్షలో ఆ ప్రశ్నకి నాకు మంచి మార్కులే వచ్చాయి.

ఆ తర్వాత ఇలాంటివి ఇంకెక్కడైనా జరిగాయా అని వెతికితే ఒక పాత కథ దొరికింది. 2005లో ఈక్వడార్ దేశంలో రెవెంటడోర్ అనే అగ్నిపర్వతం మీద హార్వర్డ్ వాళ్ళు, మరికొందరు కలిసి 16 నోడ్లతో వైర్‌లెస్ నెట్‌వర్కు పెట్టారు. 19 రోజులు నడిపారు. పర్వతం గుడగుడలాడినప్పుడు ఆ కంపనం ఏ నోడుకి ఎప్పుడు తగిలిందో తెలియాలి, కాబట్టి టైము కలవడం ప్రాణం. వాళ్ళు వాడింది అంతకు ముందు ఏడాదే వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్ళు ప్రచురించిన ఎఫ్‌టీఎస్‌పీ అనే పద్ధతి. ల్యాబులో మైక్రోసెకన్లలో కలిసేది. పర్వతం మీద కొన్ని నోడ్ల టైము గంటల తేడాతో వచ్చింది! గడియారం చదివే డ్రైవరులో ఒక బగ్గు, అప్పుడప్పుడూ తప్పు అంకె ఇచ్చేది. ఆ అంకె సబబుగా ఉందా లేదా అని చూడకుండా పద్ధతి దాన్ని నమ్మేసేది. నోడ్ల సొంత గడియారం అంకెలు కూడా రాసి ఉండబట్టి, తర్వాత కూర్చుని జీపీఎస్ టైముతో పోల్చి చాలావరకు సరిచేసుకున్నారు. 2006లో అదంతా దాచకుండా పేపరులో రాశారు. 

చదివి కొంచెం ఊరట కలిగింది. మనకన్నా ఘనులే దెబ్బతిన్నారు కదా అని. వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. వాళ్ళ గడియారం తప్పితే అగ్నిపర్వతం ఉద్యోగమేం పోలేదు.

మా కోడ్ మార్చాం. ఇప్పుడు ప్రతి సంఘటనతోపాటు అది ఎన్నో రీబూట్ తర్వాతదో, నోడు సొంత లెక్క ఎంతో, చివరిసారి టైము కలిసి ఎంతసేపయిందో కూడా వస్తుంది. గూగుల్ వాళ్ళు స్పానర్ డేటాబేసు గురించి 2012లో రాసిన పేపరులో ట్రూటైమ్ అని ఒకటుంది. టైమెంత అని అడిగితే అది ఒక్క అంకె చెప్పదు, "ఇంత నుంచి ఇంత లోపు" అని రెండు అంకెలిస్తుంది. అణు గడియారాలు, జీపీఎస్ పెట్టుకున్నవాళ్ళే అంత ఒదిగి మాట్లాడుతుంటే, రెండు పెన్సిల్ సెల్స్ మీద నడిచే నా నోడుకి అంత పొగరు ఎక్కడిది? అది నా దగ్గర్నుంచి వచ్చిందే. దిక్కులేని నోడు రీబూట్ అయితే ఇప్పుడు మా స్క్రీను మీద "టైము తెలియదు" అని పడుతుంది. సేల్సువాళ్ళు గొడవ చేశారు. "తెలియదు అని చూపిస్తే కస్టమరు కొంటాడా?" అన్నారు. రెండు మీటింగులు పట్టింది ఒప్పించడానికి.

మేనేజరుకి జరిగింది చెప్పాను. "వచ్చే రిలీజు నోట్సులో రాద్దాంలే" అన్నాడు. నేను ఓ శనివారం బస్సెక్కి ఓనరు దగ్గరికే వెళ్ళాను. రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాను. ఆయన మంచివాడే, అంతా విన్నాడు. "ఇప్పుడు చెప్తే ఏం లాభమండీ, వేరే మనిషిని పెట్టేసుకున్నాంగా" అన్నాడు. ఆ ఆరు టిక్కీలు ఏమయ్యాయో నాకు తెలియదు, అది తేల్చడం నా వల్ల కాదు. నా డేటా పట్టించిన నేరం జరగలేదని మాత్రం చెప్పగలను. ఆపరేటరు ఎక్కడున్నాడని అడిగితే చిలకలూరిపేట వైపు ఒక ఐసు ఫ్యాక్టరీలో చేరాడన్నారు.

అట్నుంచి అటే వెళ్ళాను. ఆయన నన్ను చూసి గుర్తుపట్టాడు. కుర్చీ వేశాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. బ్యాటరీ, చలి, రీసెట్, 2:00. చాలా వివరంగా చెప్పాను. తప్పు చేసినవాడు ఎప్పుడూ వివరంగానే చెప్తాడనుకుంటా. ఆయన అంతా విని, "పద్నాలుగు సార్లు పడి లేచిందా, పాపం" అన్నాడు. ఎగతాళి చేశాడో, నిజంగానే అన్నాడో మొహం చూసి తెలుసుకోలేకపోయాను.

"రెండింటికి నేను మెలకువగానే ఉన్నా బాబూ. రెండో నంబరు కంప్రెసరు నూనె చూస్తున్నా. అదీ పుస్తకంలో రాశా. తలుపు తీసింది వేసింది చూసి పుస్తకం మూసేశారు, కింద లైను ఎవరూ చదవలా."

నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. "క్షమించు బాబాయ్" అన్నాను. 

"నువ్వు తప్పు అన్నావంటే తప్పనుకున్నారు. ఇప్పుడు రైటంటే రైటనుకోవాలిగా" అన్నాడు. కాసేపాగి, "నోటితో ఎందుకు బాబూ, ఒక కాయితం మీద రాసి ఇస్తావా? మా ఇంట్లోవాళ్ళకి చూపించాలి" అన్నాడు.

ఆయన పుస్తకంలోంచే ఒక కాయితం చించి ఇచ్చాడు. కొత్త పుస్తకం, అట్ట ఇంకా చిరగలేదు. తెలుగులో చేత్తో రాసి ఎన్నేళ్ళయిందో, నా అక్షరాలు కోడికాళ్ళలా వచ్చాయి. ఫలానా తేదీ రాత్రి మా పరికరం తప్పు టైము చూపించింది, తలుపు తీసింది తెల్లవారుజామున 5:20కి, ఈయన రాసుకున్న లెక్కే నిజం, నేను సరిచూడకుండా మాటిచ్చాను అని రాశాను. సంతకం పెట్టి తేదీ వేశాను. 

"టైము కూడా వెయ్యి" అన్నాడు.

ఫోను తీయబోయి ఆగి, గోడ వంక చూశాను. "ఇదెంత ఫాస్టు బాబాయ్?" అని అడిగాను.

"రెండు నిమిషాలు" అన్నాడు. తీసేసి రాశాను.